పగటి నిద్రకు తెప్పించిన అద్దం

అల్యూమినియం, అద్దాల పనిలోకి కొత్తగా దిగినవాళ్లు ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంటారు. "అంకుల్, రోడ్డు పక్కనే ఇల్లు. మోత తగ్గాలంటే ఏ గ్లాస్ వెయ్యాలి? డబుల్ గ్లాస్ వేస్తే వేడి కూడా ఆగుతుందా?" అని అడుగుతారు. తెలిసినంతవరకు చెప్తాను. పోర్ట్‌బ్లెయిర్ మిడిల్ పాయింట్‌లో ఇరవై తొమ్మిదేళ్లు ఈ పనే చేశాను కాబట్టి చెప్పడానికి చాలానే ఉంటుంది. ఫోన్ పెట్టేశాక మాత్రం అసలు చెప్పవలసింది చెప్పలేదనిపిస్తుంది. అద్దం ఎంచడం అంత కష్టమైన విద్యేమీ కాదు. ఈ కథలో నేను సరైన అద్దమే ఎంచాను. ఎంచి, చెన్నై నుంచి తెప్పించి, పగలకుండా షాపులో దింపించుకుని, ఇంకొకరికి ఇచ్చేశాను.

అది ఎవరికోసం తెప్పించానో ముందు చెప్పాలి.

ఆమె నర్సు. ఊళ్లో ఒక ఆసుపత్రిలో, అప్పుడే పుట్టిన పిల్లల వార్డులో అప్పటికి పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తోంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని చూసుకోవడంలో ఆమె చెయ్యి మంచిదని పేరు. మావాళ్లలాగే ఆమె పెద్దలు కూడా శ్రీకాకుళం వైపు నుంచి దీవులకు వచ్చి స్థిరపడినవాళ్లే. పెళ్లి చేసుకోలేదు. లంబాలైన్‌లో విమానాశ్రయం పక్కనే తండ్రి కట్టిన ఇంట్లో ఒక్కతే ఉండేది. ఆయన ఇల్లు కట్టేనాటికి విమానం వస్తే పిల్లలు బయటికి పరుగెత్తి చేతులు ఊపేవారట. నేను చెప్పే రోజులకు పొద్దుట నుంచి మధ్యాహ్నం దాటేదాకా ఒకదాని వెనుక ఒకటి దిగుతూనే ఉండేవి.

ఒకరోజు పొద్దున పది గంటలకు, రాత్రి డ్యూటీ దిగి నేరుగా మా షాపుకి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"భయ్యా, నాకు నిద్ర కావాలి," అంది కుర్చీలో కూర్చుంటూనే.

మా కటింగ్ మేస్త్రీ బల్ల మీద నుంచి తల ఎత్తకుండానే, "నిద్దర మందులషాపులో అమ్ముతారు దీదీ. మా దగ్గర అద్దాలే," అన్నాడు.

"మందులషాపు దారి నాకు తెలుసులే. ఆ మాత్రలు మింగితే సాయంత్రానికి చేతులు వణుకుతాయి. మా వార్డులో పిల్లలు ఇంతింత ఉంటారు." అరచెయ్యి చాపి చూపించింది. "వాళ్ల నరం నీ గాజు గీత కన్నా సన్నం. వణికే చెయ్యి పనికిరాదు."

మేస్త్రీ అప్పుడు తల ఎత్తాడు. అద్దం కోసేవాడికి వణికే చెయ్యి అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

రాత్రి డ్యూటీ మానేసి పగలు చేయవచ్చు కదా అని నేను అడిగాను. కొంచెం సిగ్గుపడుతూ చెప్పింది. "పగలు వార్డు బజారు. బంధువులు, డాక్టర్లు, తుడిచేవాళ్లు. రాత్రయితే పిల్లలూ మేమూ. ఏ పిల్ల ఊపిరి మారిందో మిషన్ కూసేలోపే వినపడుతుంది. నేను ఎందుకైనా పనికొస్తానంటే అక్కడే, ఆ వేళలోనే."

మర్నాడు కొలతలకు వెళ్లాం. నేను టేపు తీయబోతే ఆగమంది. "తర్వాత కొలుద్దురు గాని. ముందు కూర్చోండి. ఇప్పుడొకటి వస్తుంది." పాతకాలం చెక్క కిటికీలు, గాజు రెక్కలవి, రెండూ మూసి ఉన్నాయి. పడమటి గోడ. పది నిమిషాలకే చొక్కా తడిసింది. అంతలో వచ్చింది విమానం. శబ్దం చెవికన్నా ముందు ఛాతీలోకి దిగింది. గూట్లో స్టీలు గ్లాసులు టకటకమన్నాయి.

"అరె, కిటికీలు మూసే ఉన్నాయి కదా!" అన్నాడు మేస్త్రీ.

"మూస్తే పొయ్యి. తెరిస్తే రన్‌వే. నాకు రెండే," అని నవ్వింది. తలగడ పక్కన ఒక నోటుపుస్తకం ఉంది. పేషెంటుకి రాసినట్టు తన నిద్రకి తనే చార్టు రాసుకుంది. పడుకున్న వేళ, ఉలిక్కిపడి లేచిన వేళ, మళ్లీ కన్నంటిన వేళ. ఒక్క రోజులో ఆరుసార్లు లేచిన రోజులున్నాయి.

ఇక్కడ రెండు ముక్కలు మన పని సంగతి చెప్తాను. మోత అద్దం గుండా వచ్చేముందు సందుల గుండా వస్తుంది. అందుకని పక్కకి జారే కిటికీ పనికిరాదు. తలుపులా తెరుచుకుని, మూసినప్పుడు చుట్టూ రబ్బరు మీద గట్టిగా నొక్కుకునే కిటికీ కావాలి. అద్దం మందంగా, బరువుగా ఉండాలి. రెండు అద్దాల మధ్య పలచటి పొర పెట్టి అతికించిన లామినేటెడ్ అద్దమైతే విమానం మోతలాంటి లోతైన శబ్దాన్ని బాగా మింగుతుంది. ఎండని తిప్పికొట్టే పూత ఉన్నది తీసుకుంటే పడమటి వేడీ తగ్గుతుంది. ఆమెకు ఇదంతా చెప్పాను. ఆమె నోటుపుస్తకం వెనక పేజీలో రాసుకుంది. ఆ రకం అద్దం దీవుల్లో లేదు, చెన్నై నుంచి ఓడ మీద రావాలి, నెల పడుతుందన్నాను. "పద్దెనిమిదేళ్లు ఆగాను, నెలకేం," అంది.

నెలన్నరకి ఓడ వచ్చింది. చెక్కపెట్టె షాపు ముందు దింపాం. మేస్త్రీ ఒక్కొక్క అద్దాన్నీ అంచు పొడుగునా వేలితో తడిమి చూశాడు. ఒక్క పెచ్చు కూడా ఊడలేదు. "ఆవిడి అదృష్టం," అన్నాడు. అద్దాలు వచ్చాయని ఆమెకు ఫోన్ చేద్దామనుకున్నాను. పగలు కదా, పడుకుని ఉంటుందేమో, సాయంత్రం చేద్దాంలే అని ఆగాను.

ఆ మధ్యాహ్నమే వండూర్ నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చాడు. మా తెలుగువాడే, బీచి దగ్గర రిసార్టు కడుతున్నాడు. మొదటి వరుస కాటేజీలకు నేనే కిటికీలు వేశాను. షాపులోకి వస్తూనే గోడకి చేరవేసిన అద్దాల్ని వేలితో కొట్టి చూశాడు.

"ఏటి భయ్యా, ఇది ఆ సౌండ్ ఆపే అద్దమేనా? ఎవరిది?"

"లంబాలైన్‌లో ఒక సిస్టరమ్మది."

"నాకియ్యి. వచ్చే వారం ఓపెనింగు. జనరేటర్ పక్కన రెండు కాటేజీలున్నాయి. రాత్రంతా గుర్రుమంటే గెస్టు ఉంటాడా? ఢిల్లీ నుంచి పెద్దోళ్లు వస్తన్నారు. ఆవిడికి నెక్స్ట్ షిప్‌కి తెప్పియ్యి."

"ఆవిడకి ఏం చెప్పను?"

"ఏటి చెప్తావేటి! షిప్‌లో టూట్ గయా అను. అండమాన్‌లో దాన్నెవడు అడుగుతాడు?" నా భుజం మీద చెయ్యి వేశాడు. "వెనక నలభై గదులు లేస్తన్నాయి. వాటి కిటికీలు ఎవరికివ్వాలో నేనింకా ఆలోచించుకోలేదు. సమఝ్ గయే నా?"

అర్థమైంది. అర్థం కాలేదని ఇప్పుడు చెప్పుకోలేను.

మీరు దీవుల్లో పుట్టినవాళ్లయితే ఓడ మాట మహిమ మీకు వివరించక్కర్లేదు. ఉల్లిపాయలు లేకపోతే ఓడ రాలేదు. మందులు లేకపోతే ఓడ రాలేదు. పెళ్లికి బట్టలు అందకపోతే ఓడ ఆలస్యం. అందులో తొంభై పాళ్లు నిజమే. అందుకే మిగతా పది పాళ్లనూ ఎవరూ నిలదీయరు. మా తాతల కాలం నుంచీ సముద్రం చేసిన నష్టానికి మనిషిని తప్పుపట్టకూడదనే మర్యాద మా మధ్య ఉంది. ఆ మర్యాదనే నేను వాడుకున్నాను. దాన్ని పాటించే మనిషి మీదే వాడుకున్నాను.

సాయంత్రం ఫోన్ చేశాను. "సిస్టరమ్మా, అద్దాలు ఓడలో పగిలిపోయాయి."

"అన్నీనా?"

"అన్నీ."

"మీరేం చేస్తారు భయ్యా, సముద్రం. మీకూ నష్టమే కదా. బాధపడకండి," అంది.

అక్కడితో ఆపి, తర్వాతి ఓడకి మళ్లీ తెప్పించి ఉంటే నా నేరం ఒక్క అబద్ధంతో పోయేది. ఆమె ఓదార్పు విన్నాక నాకు సిగ్గు వేసింది. ఆ సిగ్గు నుంచి తప్పించుకోవడానికి ఆ క్షణంలోనే ఇంకో మాట అనేశాను. "ఆగక్కర్లేదమ్మా, ఈ వారమే డబుల్ గ్లాస్ చేసి బిగించేస్తాను. ఒకటికి రెండు అద్దాలు. ఇంకా మంచిది." ఆమె సంతోషించింది. ఒకటికన్నా రెండు మంచివని ఎవరికైనా అనిపిస్తుంది కదా.

నిజమైన డబుల్ గ్లాస్ ఫ్యాక్టరీలో తయారవుతుంది. రెండు అద్దాల మధ్య తేమ పీల్చే గింజలు పెట్టి, గాలి దూరకుండా మూసేస్తారు. నేను చేయించింది అది కాదు. షాపులో ఉన్న మామూలు అద్దాల్ని జతలుగా కోయించి, మధ్యలో అల్యూమినియం ముక్క పెట్టి, చుట్టూ సిలికాన్ పూయించాను. చూడటానికి ఒకలాగే ఉంటుంది. వేడి కొంత ఆపుతుంది, చిన్న చిన్న చప్పుళ్లూ తగ్గిస్తుంది. కాని రెండు పలచటి అద్దాల మధ్య వేలెడు ఖాళీ ఉంటే విమానంలాంటి లోతైన మోత ఆగదు. ఒక్కోసారి పెరుగుతుంది కూడా. ఈ సంగతి అప్పుడు నాకు తెలుసు.

మేస్త్రీకీ తెలుసు. పన్నెండేళ్లుగా నా దగ్గర పనిచేస్తున్న మనిషి. చదువు లేదు, కాని అద్దం మీద గీత పెడితే వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. ఆ జతలు కోస్తూ ఆపేసి, కటర్ బల్ల మీద పెట్టాడు.

"భయ్యా, ఇది ఆవిడి గదిలో ఢోలక్ అయిపోద్ది."

"కొన్నాళ్లకే. తర్వాత మారుస్తాం."

"మారుస్తావా?"

"మారుస్తానన్నాను కదా!"

"కసమ్? ఒట్టేనా?"

"పని చూడు," అన్నాను.

బిగించే రోజు గురించే నాకు అన్నిటికన్నా ఎక్కువ సిగ్గు. మామూలుగా మేం పొద్దున్నే పని మొదలుపెట్టేవాళ్లం. ఆ రోజు భోజనం అయ్యాక బయలుదేరదీశాను. ఆమె నిద్ర చెడకూడదనని అందరికీ చెప్పాను. అసలు కారణం వేరు. పని పూర్తయ్యేసరికి ఆఖరి విమానం వెళ్లిపోయి ఉండాలి. ఆమె పరీక్షించడానికి ఆకాశంలో ఏమీ మిగలకూడదు.

అనుకున్నట్టే సాయంత్రం నాలుగున్నరకి పని అయింది. మేస్త్రీ పనిముట్లు సర్దుతూ, "రేపొద్దున మొదటి విమానం దాకా ఆగి చూసి ఎల్దామా?" అన్నాడు, ఆమెకు వినపడేలా. నేను వాడి కాలు తొక్కాను. ఆమె అప్పటికే డ్యూటీకి తయారై యూనిఫాంలో ఉంది. "విమానమే కావాలా ఏంటి?" అని పక్కింటి కుర్రాణ్ణి పిలిచి కిటికీ కింద స్కూటర్ హారన్ కొట్టమంది. కిటికీ మూసి చెవి ఒగ్గి నిలబడింది. హారన్ సన్నటి శబ్దం, బాగా తగ్గింది. ఆమె ముఖం విప్పారింది. "బాప్ రే! చీమ అరిచినట్టుంది!" అని చప్పట్లు కొట్టింది. మాకు టీ పెట్టి, గోధుమరవ్వ కేసరి చేసి పెట్టింది. మేస్త్రీ ముట్టుకోలేదు. కడుపు బాగోలేదన్నాడు. నేను తిన్నాను. ఇంకొంచెం వెయ్యమని అడిగి తిన్నాను.

రెండోరోజే ఫోన్ వచ్చింది. "భయ్యా, మోత ఇంకా వస్తోంది. నాకే అనిపిస్తోందో ఏమో, గది అంతా గుంయ్‌మంటోంది."

"సిలికాన్ ఆరాలమ్మా. పదిహేను రోజులు చూడండి."

పదిహేను రోజులయ్యాక ఫోన్ చేస్తే గోడ పలచగా ఉందన్నాను. వానలు మొదలయ్యాక మళ్లీ చేసింది. రెండు అద్దాల మధ్య తేమ చేరి తెల్లగా మసకబారాయి. లోపలి తేమ తుడవడానికి దారి ఉండదు. "లోపల చెమట పట్టింది భయ్యా, దానికి కూడా నిద్ర పట్టడం లేదేమో," అని నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే తెగింది. వచ్చే ఓడకి అసలు అద్దం తెప్పిస్తానన్నాను. ఓడ వచ్చింది. దాంట్లో వేరేవాళ్ల సరుకు వచ్చింది. ఇంకో ఓడ వచ్చింది. ఆ తర్వాత ఆమె ఫోన్ చేయడం మానేసింది. గుండె తేలికైంది నాకు. ఇంతకన్నా నీచమైన తేలిక నా జీవితంలో మరొకటి లేదు.

ఆ నలభై గదుల పని చివరికి చెన్నై నుంచి వచ్చిన ఒక కంపెనీకి వెళ్లింది. నాకు అన్యాయం జరిగిందని ఊరంతా చెప్పుకున్నాను.

వానలు తగ్గుతున్న రోజుల్లో ఒక పొద్దున మేస్త్రీ ఆలస్యంగా వచ్చాడు. బల్ల దగ్గరికి వెళ్లకుండా నా ఎదురుగా నిలబడ్డాడు. వాళ్లావిడ ఆ ఆసుపత్రిలోనే ఆయాగా పనిచేసేది.

"సిస్టర్ దీదీ నిన్న రాత్రి ఒక పసిబిడ్డకి ఇయ్యాల్సిన ఇంజక్షన్ ఇంకో బిడ్డకి ఇయ్యబోయిందంట. పక్క సిస్టర్ చూసి చెయ్యి పట్టేసుకుంది. బిడ్డకేం కాలేదు."

"దేవుడు రక్షించాడు," అన్నాను.

"విను పూరా. ఆ పక్క సిస్టర్ ఎవరికీ సెప్పనంది. ఇంత మంచి పేరున్న మనిషివి, పోన్లే, ఏం జరగలేదు కదా అంది. దీదీ ఒప్పుకోలేదు. తనే వెళ్లి రిజిస్టర్‌లో రాసేసింది. తప్పు నాది, నాకు నిద్దర లేదు, నన్ను ఈ వార్డు నుంచి తీసెయ్యండి అని. సంతకం కూడా పెట్టింది." ఒక అడుగు దగ్గరికి వేసి, "ఆవిడి తప్పు ఆవిడ రాసేసింది. నీదెప్పుడు రాస్తావు భయ్యా?" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. నా అన్నం తింటూ నన్నే అడుగుతావా అన్నాను. ఇంకా చాలా అన్నాను. వాడు తన కటర్‌ని గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. అది వాడి సొంతం, మిగతావన్నీ షాపువి. మళ్లీ రాలేదు. తర్వాత వేరే షాపులో చేరాడని తెలిసింది. దారిలో ఎదురుపడితే తలాడించేవాడు, ఆగేవాడు కాదు.

ఆ కోపం దిగడానికి నాకు వారం పట్టింది. సరైన అద్దానికి ఆర్డరు పెట్టడానికి ఇంకో వారం. అద్దం ఓడ మీద రావడానికి రెండు నెలలు. ఈసారీ ఒక్కటి కూడా పగల్లేదు. ఒక ఆదివారం అద్దాలు బండికి ఎక్కించుకుని, ఇద్దరు కొత్త పనివాళ్లతో లంబాలైన్ వెళ్లాను. వాళ్లని కిందే ఉండమని లోపలికి వెళ్లాను.

ఆమె బట్టలు మడతపెడుతోంది. "రండి భయ్యా," అంది మామూలుగానే. మనిషి కొంచెం ఒళ్లు చేసింది. కళ్లు తేటగా ఉన్నాయి. కిటికీలు అలాగే మసకబారి ఉన్నాయి, పాలు పోసిన గ్లాసుల్లా.

కూర్చోకుండానే చెప్పేశాను. అద్దాలు ఓడలో పగల్లేదని, వండూర్ రిసార్టుకి ఇచ్చానని, డబుల్ గ్లాస్ మోత ఆపదని తెలిసే వేశానని, ఆఖరి విమానం వెళ్లేదాకా కావాలనే ఆగానని. ఎక్కడా ఆగకుండా అంతా చెప్పాను. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

చేతిలో ఉన్న దుప్పటి మడత పూర్తిచేసి పక్కన పెట్టింది.

"ఓడలో పగిలాయంటే ఎంత బాధపడ్డానో తెలుసా మీ గురించి," అంది.

తల దించుకున్నాను. "కింద బండిలో అసలు అద్దం ఉందమ్మా. ఈ రోజే బిగించేస్తాను. మీరు ఒక్క పైసా ఇవ్వక్కర్లేదు."

"ఇప్పుడెందుకు భయ్యా?"

"మీకు నిద్ర..."

"నాకు ఇప్పుడు పగటి డ్యూటీ. వార్డులో కాదు, స్టోర్‌లో. దుప్పట్లు, టవళ్లు లెక్క చూసి ఇవ్వడం. పొద్దున వెళ్తాను, సాయంత్రం వస్తాను. రాత్రి పడుకుంటున్నాను." కిటికీ వైపు చూసింది. "విమానాలొచ్చే వేళకి ఈ గదిలో ఎవరూ ఉండరు."

మళ్లీ వార్డుకి అడగొచ్చు కదా, ఈ అద్దం వేశాక పగలు పడుకోవచ్చు కదా అని ఏదో అన్నాను.

"వాళ్లు రమ్మన్నారు. నేనే వెళ్లనన్నాను. సిరంజి పట్టుకుంటే ఆ బిడ్డ చెయ్యే కనబడుతోంది."

అప్పుడే ఒక విమానం వచ్చింది. అది దాటిపోయేదాకా ఇద్దరం నోరు మూసుకుని నిలబడ్డాం. గది గుంయ్‌మంది. నేను వేసిన కిటికీలో ఆ మోత ఎలా ఉంటుందో నేను వినడం అదే మొదటిసారి.

మోత అణిగాక, "రాత్రిళ్లు బాగా పడుతోందా అమ్మా నిద్ర?" అని అడిగాను.

ఇంకో దుప్పటి తీసి విప్పింది.

"పడుతోంది భయ్యా. నిద్రకేం, ఎంత కావాలంటే అంత పడుతోంది. పొద్దున దేనికోసం లేవాలో, అదే లేదు."